ఒకే తోటలో పైవాలుకి కాండం పురుగు, గెడ్డ పక్కన కాయ పురుగు: ఎత్తు వల్లా, నీడ వల్లా?

గిరితోట అడిగారు:

నమస్కారం అండి. పాడేరు వైపు అరబికా కాఫీ తోట, మూడెకరాల పైచిలుకు, అంతా కొండవాలే. కింది భాగం గెడ్డను (కొండవాగును) ఆనుకొని 920 మీటర్ల ఎత్తులో ఉంది. పై అంచు 1080 దగ్గర. పై భాగం నైరుతి ముఖంగా ఉంటుంది, నీడకి సిల్వర్ ఓక్ ఒక్కటే, వాటి మీద మిరియాల పాదులు. కింద పనస, మామిడి, పాత అడవి చెట్లు కలిసి దట్టంగా ఉన్నాయి.

పైన మొక్కలు అక్కడొకటి ఇక్కడొకటి ఆకు పసుపెక్కి వాడిపోతున్నాయి. కాండం మీద ఉబ్బు గట్లు ఉన్నాయి, చీల్చి చూస్తే లోపల పొడి నిండిన సొరంగాలు. కింద ఆ బాధ దాదాపు లేదు. కానీ ఈసారి గెడ్డ పక్క మొక్కల్లో కొన్ని కాయలకి బొడ్డు (తొడిమకి ఎదురు కొస) దగ్గర గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలు కనిపించాయి.

నూట అరవై మీటర్ల తేడాకే పురుగు మారిపోతుందా? కాయ పురుగు వెయ్యి మీటర్ల పైన బతకదని అంటారు, అది నిజమేనా? కింద నీడ బాగా కొట్టేస్తే కాయ పురుగు పోతుందని ఇంకొందరి సలహా. తోటకి సేంద్రియ సర్టిఫికెట్ ఉంది కాబట్టి రసాయన మందుల మాట వద్దు.

---

నీడపందిరి:

మీ పై భాగానిది తెల్ల కాండం తొలుచు పురుగు. ఇది ఎత్తు చూసి రాదండి, ఎండ చూసి వస్తుంది. నల్లని ఒంటి మీద తెల్ల చారలుండే పెంకు పురుగు అది. వెచ్చగా, వెలుతురుగా ఉన్న పూట తిరుగుతుంది, ఎండ తగిలే కాండం మీద బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పది రోజుల్లో పిల్ల పురుగు బయటికొచ్చి ముందు బెరడు కింద, తర్వాత చెక్కలోకి తొలుచుకుపోతుంది. లోపల తొమ్మిది పది నెలలు ఉంటుంది. మీరు పసుపెక్కిన ఆకు చూసే రోజుకి గుడ్డు పెట్టి చాలా నెలలు అయిపోయి ఉంటాయి. అందుకే ఆకు చూసి వెతక్కండి, కాండం మీద గట్ల కోసం వెతకండి.

నైరుతి వాలుకి మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా వచ్చి కాండానికే నేరుగా తగులుతుంది. దానికి తోడు సిల్వర్ ఓక్. వయసు పెరిగేకొద్దీ దాని కొమ్మలు పైకి వెళ్లిపోతాయి, మిరియాల కోసం కింది కొమ్మలు మనమే నరికేస్తాం. పైనుంచి చూస్తే నీడ ఉన్నట్టే ఉంటుంది. రెండు మూడు గంటల వేళ తోటలో నిలబడితే ఎండ ఆ ఎత్తయిన మానుల మధ్య నుంచి దూసుకొచ్చి కాఫీ మొక్క మొదలు మీద పడుతుంది. పురుగుకి కావలసింది అదే.

నీడ ఎంతుందో కంటి అంచనా వద్దు, ఇలా కొలవండి. ఇరవై మీటర్ల తాడుకి మీటరుకొక ముడి వేయండి. మబ్బు లేని రోజు వాలుకి అడ్డంగా, కాఫీ వరసల మధ్య దాన్ని నేల మీద పరచండి. ఇరవై ముడుల్లో ఎన్ని నీడలో ఉన్నాయో లెక్కపెట్టండి. పన్నెండు ఉంటే అరవై శాతం. కాఫీ మొక్క సొంత నీడని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, పై చెట్ల నీడే చూడాలి. మధ్యాహ్నం పన్నెండుకి ఒకసారి, మూడింటికి మరోసారి చేయండి. నైరుతి వాలు మీద మూడింటి అంకె బాగా పడిపోయిందంటే కాండం పురుగు అక్కడే ఎందుకుందో తెలిసిపోతుంది. ఒక్కో భాగంలో నాలుగైదు చోట్ల కొలిస్తేనే సగటు నమ్మదగ్గది.

చేయాల్సిన పని రెండు రకాలు. ఒకటి ఏటా చేసేది. పెద్ద పురుగులు ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి బయటికొస్తాయి. కాబట్టి మార్చిలో, సెప్టెంబరులో ప్రతి మొక్క కాండం తడిమి చూడాలి. గట్లున్న మొక్కని కోసి, కోతలో సొరంగం కనిపించనంత కిందికి వెళ్లాలి. వేరు దాకా సొరంగం ఉంటే మొక్కే పీకేయాలి. కోసిన కాండాల్ని అదే రోజు కాల్చండి, లేదా నీళ్లలో వారం పది రోజులు పూర్తిగా మునిగేలా ఉంచండి. ఎక్కువ మంది పాడుచేసుకునేది ఇక్కడే: వాటిని వంటచెరుకుగా ఇంటి వెనక పేరుస్తారు. ఎండు కర్ర లోపలి పురుగు చావదు, సమయానికి రెక్కలొచ్చి తోటలోకే తిరిగెళ్తుంది.

అంతేకాక, గుడ్లు పెట్టే కాలానికి ముందు మొదలూ, లావు పక్క కొమ్మలూ కొబ్బరి పీచుతోనో గోనె గుడ్డతోనో రుద్ది, ఊడే బెరడు తీసేయండి. నునుపైన కాండం మీద గుడ్లకి చోటుండదు. కత్తి, ఇనుప బ్రష్ వాడితే పచ్చి పొర తెగి మొక్కకి గాయమవుతుంది. రుద్దాక పది శాతం సున్నం చల్లాలి. అంటే 200 లీటర్ల నీళ్లకి 20 కిలోలు, పదిహేను లీటర్ల ట్యాంకుకి కిలోన్నర. రాత్రి నానబెట్టి, పలుచని గుడ్డలో వడగట్టకపోతే నాజిల్ పూడుకుపోతుంది. అంటుకునేలా కలిపే జిగురు దేనికైనా ముందు మీ సర్టిఫికెట్ వాళ్లని అడగండి. అక్టోబరు తుఫాను వానలకి సున్నం కడుక్కుపోతే మళ్లీ వేయాల్సిందే. కళ్లకి అద్దాలు, చేతులకి తొడుగులు లేకుండా ఆ పని ఎవరికీ చెప్పకండి, సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

రెండోది నిదానంగా ఫలితమిచ్చేది, అసలు మందు అదే: రెండో అంతస్తు నీడ. సిల్వర్ ఓక్ కింద పది పన్నెండు అడుగుల ఎత్తులో గొడుగు పట్టే చెట్టు కావాలి. డడాప్ అనే నీడచెట్టు కొమ్మలు ఐదారు అడుగులవి తొలకరికి నాటండి. వాటి మధ్య పనస మొక్కలు పెట్టండి. తోట పడమటి అంచు నుంచి మొదలుపెడితే మధ్యాహ్నపు ఎండకి ముందుగా అడ్డుకట్ట పడుతుంది.

---

డిగ్రీరోజు:

ఎత్తు గురించి నేను చెప్తాను. "వెయ్యి మీటర్ల పైన కాయ పురుగు బతకదు" అన్నది తప్పు, అది నమ్మి ఎవరూ నిశ్చింతగా ఉండకూడదు. ఎత్తు పురుగుని చంపదు, దాని పెరుగుదలని నెమ్మదింపజేస్తుంది.

కాయ పురుగు సుమారు 15 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో పెరగదు. 26, 27 దగ్గర చాలా చురుగ్గా పెరుగుతుంది. 32 దాటితే మళ్లీ దెబ్బతింటుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి కావలసిన వేడిని డిగ్రీ-రోజుల్లో లెక్కిస్తారు. రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి 15 తీసేసి వచ్చిన అంకెల్ని కలుపుకుంటూ పోవాలి. మొత్తం 260 నుంచి 300 మధ్య చేరితే ఒక తరం పూర్తయినట్టు. లెక్కకి 280 అనుకుందాం.

కింద సగటు 23 అయితే రోజుకి 8 డిగ్రీలు చేరతాయి, 35 రోజుల్లో ఒక తరం. కొండ ఎక్కేకొద్దీ ప్రతి వంద మీటర్లకీ గాలి సుమారు 0.65 డిగ్రీలు చల్లబడుతుంది. మీ 160 మీటర్లకి తేడా ఒక డిగ్రీ. పైన సగటు 22, తరానికి 40 రోజులు. కాయలో గింజ గట్టిపడటం మొదలైన నాటి నుంచి ఏరడం పూర్తయ్యే దాకా ఐదు నెలలు అనుకుంటే, కింద నాలుగు తరాలు, పైన మూడున్నర పైన. అంతే తేడా. నిజంగా మార్పు కనబడాలంటే ఇంకా చాలా పైకి వెళ్లాలి: సగటు 19 ఉన్న చోట తరానికి 70 రోజులు, అదే ఐదు నెలల్లో రెండే తరాలు. మన ఏజెన్సీలో కాఫీ ఎక్కువగా ఉన్నది 900 నుంచి 1200 మీటర్ల మధ్యే. ఆ పరిధి అంతటా ఈ పురుగుకి బతుకుతెరువు ఉంది. ఆఫ్రికాలో కిలిమంజారో కొండ వాలుల మీద కూడా ఒకప్పుడు 1500 మీటర్ల కింద ఉండేది, వేడి పెరిగేకొద్దీ ఇంకా పైకి పాకింది.

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. చలికాలం రాత్రుళ్లు ఈ ఎత్తు లెక్క తలకిందులవుతుంది. గాలి లేని, మబ్బు లేని రాత్రి చల్లటి గాలి బరువుగా వాలు మీంచి జారి పల్లంలో నిలబడిపోతుంది. లంబసింగిలో అంత చలి అందుకే. మీ గెడ్డ పక్కన తెల్లవారుజామున పైవాలు కన్నా చల్లగా ఉండొచ్చు. అలాగని చలి పురుగుని చంపేస్తుందనుకోకండి. అది కాయ లోపల గింజలో ఉంటుంది, పగలు ఎండెక్కగానే మళ్లీ తినడం మొదలుపెడుతుంది. చలి రాత్రుళ్లతో తరం కొంత ఆలస్యమవుతుంది, అంతే.

మీ తోటకి సరైన లెక్క కావాలంటే ఫోన్లో కనిపించే ఊరి ఉష్ణోగ్రత పనికిరాదు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ నమోదుచేసే థర్మామీటర్లు రెండు కొనండి. ఒకటి కింద, ఒకటి పైన, కాఫీ కొమ్మల మధ్య నాలుగైదు అడుగుల ఎత్తులో, ఎండ తగలకుండా కట్టండి. రేకు డబ్బాలో పెడితే డబ్బా వేడిని చూపిస్తుంది, గాలి ఆడే చెక్క పెట్టె కావాలి. రోజూ ఉదయం ఒకే వేళకి రెండు అంకెలూ రాసి సగటు తీయండి.

---

ఏరుబుట్ట:

పైన ఇద్దరూ చెప్పింది సరైనదే. అయితే గెడ్డ పక్కన కాయ పురుగు నిలదొక్కుకోవడానికి వేడి కన్నా పెద్ద కారణం తేమ, మిగిలిపోయిన కాయలు.

ముందు అది నిజంగా కాయ పురుగో కాదో తేల్చుకోండి. రంధ్రం కాయ బొడ్డు మీదో, దాని అంచునో ఉండాలి. పక్కన ఉంటే వేరే ఏదో. కోసి చూస్తే ఒకటిన్నర మిల్లీమీటర్ల నల్ల పెంకు పురుగు గాని, గింజలో తెల్ల పిల్లలు గాని కనిపించాలి. అవునని తేలితే వెంటనే కాఫీ బోర్డు వాళ్లకి, ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకి) చెప్పండి. 2025లో అరకు ప్రాంతంలో ఇది బయటపడినప్పటి నుంచి ఏ కొత్త చోటైనా వాళ్లకి తెలియడం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అవసరం. దాచిపెడితే నష్టం మీ ఒక్కరికే ఆగదు. మన దేశంలో మొదట 1990లో నీలగిరుల్లో గూడలూరు దగ్గర కనిపించి, అక్కణ్నుంచి దక్షిణాది కాఫీ జిల్లాలకి పాకిన పురుగు ఇది. పెద్దగా ఎగరలేదు, మగవి అసలే ఎగరవు. దూరాలకి దీన్ని మోసుకెళ్లేది మన గోనె సంచులూ, పండ్ల బండ్లూ.

ఆడ పురుగు కాయలో గుడ్లు పెడుతుంది, పుట్టినవి లోపలే జతకడతాయి. కోత అయ్యాక చెట్టు మీదా నేల మీదా మిగిలిన కాయల్లో ఎండాకాలమంతా అవి గుంపుగా దాక్కుంటాయి. ఎండ తగిలే నేల మీద కాయ బాగా ఎండిపోతే లోపలివి చాలామటుకు నశిస్తాయి. గెడ్డ ఒడ్డున, ఆకు దుప్పటి కింద, దట్టమైన నీడలో కాయ తడిగానే ఉంటుంది, పురుగూ బతికే ఉంటుంది. మార్చి, ఏప్రిల్ పూత వానలు పడి కాయ నానగానే ఆడ పురుగులు ఒక్కసారిగా బయటికొస్తాయి. అప్పటికి కొత్త కాయ ఇంకా మిరియపు గింజంత కూడా ఉండదు. పూత వచ్చాక సుమారు వంద రోజులకి గానీ గింజ అవి తినేంత గట్టిపడదు. ఆ మూడు నెలలు వాటిని బతికించేది పాత కాయలు, అకాలంలో పూసి కాసిన కాయలు. ఆ వంతెన తెంచేస్తే సగం పని అయినట్టే.

కోత చివర్లో పచ్చివి, ఎండువి, పుచ్చువి ఏమీ వదలకుండా మొత్తం దులిపేయండి. ఏరేటప్పుడు మొక్క కింద టార్పాలిన్ పరవండి, వాలులో రాలిన కాయ దొర్లి గెడ్డలోకి పోతే మళ్లీ దొరకదు. తర్వాత నేల మీదివి ఏరించాలి. కూలి ఎక్కువవుతుంది, గిట్టదనిపిస్తుంది. కానీ గెడ్డ పక్క పది పదిహేను వరసల్లోనైనా మానకూడదు. మే నెలలో మళ్లీ ఒకసారి తిరిగి అకాలపు కాయలు తీసేయండి. పట్టిన కాయల్ని మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచాలి. బుట్టలో వేసి ముంచితే నీళ్లు అన్నిటికీ తగులుతాయి, సంచి కుక్కి ముంచితే నడుమ ఉన్నవి చల్లగానే ఉండిపోతాయి. నీళ్లలో వేశాక మరుగు ఆగిపోతే, మళ్లీ మరిగాకే లెక్క మొదలు. గోతిలో పూడ్చేటట్లయితే కనీసం 50 సెంటీమీటర్ల మట్టి పైన ఉండాలి.

ఎండబెట్టడం కూడా ఇందులో భాగమే. అరబికా పార్చ్‌మెంట్ (పై తొక్క, గుజ్జు తీసి ఎండబెట్టే గింజ) 10 శాతం తేమకి, చెర్రీ (తొక్కతోనే ఎండబెట్టే కాయ) 10.5 శాతానికి రావాలి. అంతకన్నా తడిగా గోదాములో పెడితే పురుగు అక్కడే సంతతి పెంచుకుంటూ పోతుంది.

---

గిరితోట:

ముగ్గురికీ ధన్యవాదాలు అండి. బొడ్డు మీదే రంధ్రం, లోపల నల్ల పురుగు కూడా ఉంది. రేపే తెలియజేస్తాను. రెండు సందేహాలు. ఎంత శాతం పట్టిందో ఎలా లెక్కించాలి? బవేరియా (పురుగుల్ని చంపే శిలీంధ్రం) చల్లవచ్చు అంటున్నారు, అది ఎప్పుడు పనిచేస్తుంది?

---

ఏరుబుట్ట:

కింది భాగాన్నీ పై భాగాన్నీ విడిగా లెక్కించండి, కలిపితే రెండూ తప్పుతాయి. ఒక్కో భాగంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ముప్పై మొక్కలు ఎంచండి. ఒక్కో మొక్క నడుమ ఎత్తులో ఒక కొమ్మ తీసుకొని దాని మీది కాయలన్నీ, రంధ్రమున్నవి విడిగా లెక్కపెట్టండి. మొత్తంలో రెండు శాతం దాటితే చేతులు ముడుచుకు కూర్చోకూడదు.

అక్కడితో ఆగకండి. రంధ్రమున్న కాయలు యాభై వరకూ కోసి పురుగు ఎక్కడుందో చూడండి. రంధ్రం నోట్లోనే, వెనక భాగం బయటికి కనిపిస్తూ ఉంటే బవేరియా బీజాలు దానికి తగులుతాయి. గింజలోకి చేరిపోయి గుడ్లు పెట్టి ఉంటే ఎంత చల్లినా డబ్బు దండగ, ఆ కాయలు ఏరడమొక్కటే దారి. అందుకే కాయలో గింజ గట్టిపడే సమయం, అంటే జులై, ఆగస్టుల్లో వారం వారం కోసి చూడాలి. సగానికి పైగా పురుగులు ఇంకా నోటి దగ్గర ఉన్నప్పుడే చల్లాలి.

ఈ శిలీంధ్రానికి తేమ కావాలి, ఎండ పడదు. కాబట్టి సాయంత్రం చల్లండి. మీ గెడ్డ పక్క తేమ ఇక్కడ మీకే పనికొస్తుంది. బలమైన వాన పడే రోజు వద్దు, కడిగేస్తుంది. ఆకు తుప్పు తెగులుకి బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) కొట్టేటట్లయితే రెండింటి మధ్య రెండు వారాలైనా ఎడం ఇవ్వండి, రాగి ఈ శిలీంధ్రాన్ని కూడా చంపుతుంది. మోతాదు ఆ ప్యాకెట్ మీదున్నదే వాడండి, తయారీని బట్టి బీజాల సంఖ్య మారుతుంది. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, ఎండలో దుకాణం ముందు పడున్నది తీసుకోవద్దు.

ఆడ పురుగుల్ని పట్టే ఎర్ర బుట్టలు కూడా ఉన్నాయి, మిథనాల్, ఇథనాల్ కలిపిన ఎర వాటిలో ఉంచుతారు. పూత వానల నుంచి జూన్ దాకా, కొత్త కాయ ఇంకా పనికిరాని రోజుల్లోనే అవి బాగా పట్టేది. కాయ ముదిరాక వాసన కన్నా కాయే వాటిని లాగుతుంది. ఎండబెట్టే కళ్లం చుట్టూ కూడా పెట్టండి. దయచేసి ఒక్క జాగ్రత్త: మిథనాల్ విషం. కొంచెం తాగినా చూపు పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. మంచినీళ్ల సీసాల్లోనో మద్యం సీసాల్లోనో ఎప్పుడూ పోయకండి. రంగు కలిపి, పుర్రె గుర్తు అంటించి, తాళం వేసి ఉంచండి. పనికొచ్చే ప్రతి మనిషికీ వాళ్ల మాటలో చెప్పండి.

---

కొత్తపోడు:

గెడ్డ పక్కన తడి వల్లే అయితే, నీడ ముప్పై శాతానికి తగ్గించేస్తే తేలిపోతుంది కదా? ఎండ పడితే కాయలు ఎండి పురుగు చస్తుందని మీరే చెప్పారు.

---

నీడపందిరి:

అలా చేస్తే రెండేళ్లలో పైవాలు జబ్బు కిందికి దిగుతుంది. నీడ మీద వేసే ఒక్క గొడ్డలి వేటు రెండు పురుగుల్నీ వ్యతిరేక దిక్కుల్లో కదుపుతుంది, ఈ తోటలో గుర్తుంచుకోవలసింది ఇదొక్కటే. కాయ పురుగుకి ఏరడం, ఎండబెట్టడం అనే మార్గాలున్నాయి. కాండం పురుగు పట్టిన మొక్క మాత్రం పోయినట్టే, మళ్లీ నాటి కాపుకి మూడు నాలుగేళ్లు ఆగాలి. రెండింటి మధ్య ఎంచుకోవలసి వస్తే నీడ ఉంచుకోవడమే మేలని నా నిశ్చితాభిప్రాయం.

పైగా గెడ్డ ఒడ్డు చెట్లు కొట్టేస్తే మట్టి కోసుకుపోతుంది, వేసవిలో నీటి ఊట తగ్గుతుంది. కింద చేయాల్సింది పలచబరచడం. తాడు లెక్కలో ఎనభై శాతం వస్తే అరవైకి తేవాలి. నేలకి దగ్గరగా వంగిన కొమ్మలు, ఒకదానిమీద ఒకటి పడ్డ కొమ్మలు తీయాలి. కాఫీ మొక్కలో కూడా నడుమ గుబురు తీసి గాలి ఆడనివ్వండి. గాలి ఆడితే కాయల మీద తేమ తగ్గుతుంది, ఏరేవాళ్లకి కాయ కనిపిస్తుంది. చాలా తోటల్లో కాయ మిగిలిపోయేది గుబురులో కనపడకే. నీటి కాలువలు పూడిపోయి ఉంటే తొలకరికి ముందే తీయించండి.

కొమ్మలు కొట్టే సమయం కూడా చూడాలి. వానలు మొదలయ్యాక కొట్టండి, మబ్బుల నాలుగు నెలలు ఎండ అందాలి కదా. సెప్టెంబరు తర్వాత మాత్రం ముట్టుకోవద్దు. అక్టోబరులో కాండం పురుగు బయటికొచ్చే వేళకి కొత్తగా తెరుచుకున్న ఎండ కాండాల మీద పడకూడదు.

---

డిగ్రీరోజు:

గిరితోట గారూ, థర్మామీటర్లు కట్టాక మూడోది కూడా ఒకటి ఆలోచించండి: 1000 మీటర్ల దగ్గర, సిల్వర్ ఓక్ తోపు అయిపోయి అడవి చెట్లు మొదలయ్యే సరిహద్దులో. అక్కడ రెండు వైపులా ఎత్తు ఒకటే, నీడ మాత్రం పది అడుగుల్లో మారిపోతుంది. ఆ గీతకి అటూ ఇటూ యాభై యాభై మొక్కల కాండాలు మార్చిలో తడిమి, గట్లున్నవి లెక్కపెట్టండి. ఎత్తుదా, నీడదా అన్న మీ మొదటి ప్రశ్నకి మీ తోట నుంచే జవాబు వస్తుంది. అంకెలు ఇక్కడ పెట్టండి, పక్క మండలాల తోటలవాళ్లకి కూడా పనికొస్తాయి.